నోరు చూశాను

పిల్లలూ, మీ పెద్దమ్మ నర్సని మీకు తెలుసు. తాగుడు మాన్పించే వార్డులో ఉద్యోగం ఆవిడ ఎందుకు వదిలేసిందో మాత్రం ఇన్నాళ్ళూ మీకెవరమూ చెప్పలేదు. వినండి.

ఆ వార్డులో పొద్దున ఆరింటికి మాత్రల వరస. మింగాక ప్రతి ఒక్కరూ నోరు తెరిచి నాలుక ఎత్తాలి. పెద్దమ్మ టార్చి వేసి చూసి, రిజిస్టర్లో పేరు ఎదురుగా 'నోరు చూశాను' అని రాసేది. మత్తు మాత్రలు మరి. దాచుకుని అన్నీ ఒక్కసారే మింగితే ప్రాణం పోతుంది. అందుకే అక్కడివాళ్ళకు ఆవిడంటే ఒళ్ళుమంట. 'పోలీసమ్మ' అనేవారు.

వాళ్ళలో లారీ డ్రైవర్ ఒకడు మరీ మొండి. ఒకరోజు టార్చి పట్టుకున్న చేతిమీద ఉమ్మేశాడు.

"నా నోట్లో ఏం వెతుకుతావే? వెళ్ళి నీ మొగుడి నోరు చూసుకో!"

"నీ చావు నువ్వు చావు," అంది పెద్దమ్మ.

ఆ రోజునుంచి వాడి నోరు చూడలేదు. చూసినట్టు రాసింది. పదకొండు రోజులు రాసింది. పన్నెండో రోజు వాడు లేవలేదు. రిజిస్టరు సక్రమంగా ఉంది కాబట్టి ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు.

నెల తిరక్కుండా అదే మంచం మీదికి వచ్చాడు మీ మామయ్య. మా ఒక్కగానొక్క తమ్ముడు. తాగి తాగి గ్లాసు పట్టుకోలేని చేతులతో వచ్చాడు.

ఒకరోజు వరసలో అందరూ అయిపోయారు, వాడు రాలేదు. పెద్దమ్మే మంచం దగ్గరికి వెళ్ళింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. అయినా డీజిల్ వాసన.

"లేవరా, మాత్ర."

"ఇచ్చావుగా అక్కా," అని పెదాలు కదపకుండా గొణిగాడు.

"ఎప్పుడు?"

"రోజూ... తెల్లారకముందే. దాచుకోమన్నావు. ఇవాళ అన్నీ మింగెయ్యమన్నావు. నీ చేతులేంటక్కా, అంత చల్లగా..."

పెద్దమ్మ వాడి దవడ నొక్కి నోరు తెరిపించింది. నాలుక కింద ఒకటి... రెండు... వేలు పెట్టి గీకింది. పదకొండు. తడి తగలనట్టు పొడిగా ఉన్నాయి.

చెవి పక్కన ఎవరిదో ఊపిరి.

"రాసెయ్ పోలీసమ్మా... చూశానని రాసెయ్."

గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. బల్లమీద రిజిస్టరు తెరిచి ఉంది. మామయ్య పేరు ఎదురుగా, ఆవిడ దస్తూరీతోనే, సిరా ఇంకా ఆరకుండా... 'నోరు చూశాను.'

మామయ్య బతికాడు. మళ్ళీ చుక్క ముట్టలేదు. ఏళ్ళు గడిచాయి.

నిన్న వీడియో కాల్‌లో మీ అల్లరి చూసి పగలబడి నవ్వాడు కదా. మీరు గమనించారో లేదో... నాలుక కింద తెల్లగా ఏదో ఉంది.

ఇంత దూరంనుంచి నేను వేలు పెట్టి తియ్యలేను. పెద్దమ్మకు చెబుదామని పొద్దుటినుంచి మూడుసార్లు ఫోన్ చేశాను. నాకు నోరు రాలేదు. మీరైనా చెప్పండమ్మా. ఇవాళే చెప్పండి.