దిల్‌సుఖ్‌నగర్‌లో తప్పు కీ

మహిపాల్ తోటి ఏజెంట్ యెహెజ్కేలును ఎల్బీ నగర్ మెట్రో మెట్ల మీద పట్టపగలే కాల్చేశారు. అతను ప్రాణం పెట్టి కాపాడబోయిన క్షిపణి చిప్ శత్రువుల చేతికి చిక్కింది.

"సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ కోచింగ్ సెంటర్ నుంచి అది దేశం దాటుతుంది," అన్నాడు చీఫ్. "మహిపాల్, నువ్వు ఇంగ్లీష్ సార్‌గా వెళ్తున్నావ్. అక్కడి కౌన్సెలర్ అరుణజ్యోతి మన ఏజెంటే. కోడ్ వర్డ్ ‘డెమో క్లాస్’."

అలా ఏజెంట్ మహిపాల్, ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్న క్లాస్‌రూమ్‌లో డబుల్ నెగెటివ్‌లు చెబుతున్నాడు.

"‘నాట్ ఇంపాజిబుల్’ అంటే సాధ్యమే అని. ఇది కరెక్ట్. ‘ఐ డోంట్ నో నథింగ్’ తప్పు. ‘ఐ డోంట్ నో ఎనీథింగ్’ అనాలి."

అరుణజ్యోతి నవ్వుతూ వచ్చి మార్కర్ అందించింది.

"డెమో క్లాస్ అయిపోయింది సార్," అని గుసగుసలాడింది. "చిప్ నా ఐడీ కార్డులో ఉంది. చున్నీ కింద పిస్టల్ ఉంది. కింద కారు హారన్ కొట్టగానే వెళ్ళిపోతాను. అంతదాకా పాఠం చెప్పండి. కదిలితే యెహెజ్కేలు దగ్గరికే పోతారు."

ఆమె వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. మహిపాల్ ఇయర్‌పీస్‌లో చీఫ్ మొత్తుకుంటున్నాడు: "అంతా విన్నాను! మేం కొత్తపేట ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. ఎలాగైనా ఆమెను ఆపు!"

ఎలా ఆపాలి? చేతిలో ఉన్నది మార్కర్ ఒక్కటే. యెహెజ్కేలు మొహం గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. ఎదురుగా సర్కారు కొలువు కోసం ఏళ్ళ తరబడి ఇరుకు గదుల్లో మగ్గుతున్న పిల్లలు. ఒక్క మార్కు కోసం కోర్టుదాకా పోయే రకం.

కింద హారన్ మోగింది.

మహిపాల్ బోర్డు మీద గట్టిగా టిక్కు కొట్టాడు. "ఆగండి! ‘ఐ డోంట్ నో నథింగ్’ కూడా కరెక్టే. పరీక్ష ఫైనల్ ఆన్సర్ కీ ఇదే. అరుణజ్యోతి మేడమ్ ఓకే చేసింది. డౌట్లుంటే ఆమెనే అడగండి!"

తేనెతుట్టె కదిలింది.

"గట్లెట్ల కరెక్టైతది సార్?" ముందు బెంచీలోంచి రెబెక్క లేచింది. "పోయిన పరీక్షల గిసొంటి బిట్టుకే నా నౌకరీ పోయింది!"

"మేడమ్, యాడికి పోతున్నవ్? జవాబు చెప్పి పో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

గది గదంతా వెళ్ళి తలుపు మీద పడింది. అరుణజ్యోతి చెయ్యి చున్నీలోనే ఇరుక్కుపోయింది. కింద హారన్ మళ్ళీ మళ్ళీ మోగి, చివరికి కారు వెళ్ళిపోయింది. మహిపాల్ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆమె మణికట్టు మెలితిప్పాడు. పిస్టల్ కింద పడినా ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

"ఇది యెహెజ్కేలుది," అంటూ ఐడీ కార్డు లాక్కున్నాడు.

"శభాష్!" అన్నాడు చీఫ్. "కింద ఉన్నాం. ఆమెను తీసుకుని వెంటనే బయటికి రా."

"ఎట్ల ఒస్తా సార్?" అన్నాడు మహిపాల్ గోడకు అతుక్కుపోయి. "కీ మార్చేదాకా వీళ్ళు మమ్మల్నిద్దర్నీ వదిలేటట్టు లేరు."