అమావాస్య నాడు చూపించిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడు అని ఎందుకు అనలేదో తమిళనాట గుడియాత్తంలో ఉండే కన్నప్పను అడిగితే ఇప్పుడు చెబుతాడు. ఆ పొద్దున మాత్రం ఆయనకు ఆ జ్ఞానం ఇంకా కలగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ కూడా ముట్టకుండా, కొత్త మేడ మెట్లను తన భుజం మీది తుండుగుడ్డతోనే తుడుస్తున్నాడు. ఇల్లు చూసేవాళ్ళు వచ్చే వేళయింది.

వీధివైపు పాత ఇల్లు, మధ్యలో పెరడు, పెరటి చివర లుంగీలు నేసే మగ్గాల షెడ్డు. ఆ షెడ్డు మీదే కన్నప్ప రెండు గదులూ వంటిల్లూ కట్టించాడు. ఈ విద్యలో ఆయనకు గురువు వేలూరు వరదప్ప. వరసకు బావ. ఊరి నిండా ఇళ్ళు అద్దెలకిచ్చి తల పండినవాడు. “కరెంటు మీటరు వేరే పెట్టు బావా. పదకొండు నెలలకు అగ్రిమెంటు రాయించు. గోడలకు కొక్కీలు నువ్వే కొట్టించు, లేకుంటే వాళ్ళు యాడ పడితే ఆడ మేకులు దిగ్గొడతారు. ఆడోళ్ళు వంటిల్లు చూసే ఇల్లు తీసుకుంటారు. నిలబడి వండుకునేదానికి గట్టు, సింకు, గాలికి పెద్ద కిటికీ పెట్టించు” అని ఆయన చెప్పినవన్నీ కన్నప్ప పొల్లుపోకుండా చేశాడు. “ఇంటిని మంచి వేళలో చూపించల్ల” అన్న చివరి మాటను మాత్రం తనకు అనుకూలంగా అర్థం చేసుకున్నాడు.

“అమావాస్య దినం ఎవరన్నా ఇల్లు చూపిస్తారా?” అంది భార్య అమ్మణి, కాఫీ గ్లాసుతో వచ్చి.

“ఈడ తమిళోళ్ళకు అమావాస్యే మంచి దినం. ఊరితో పాటే మనమూ.”

బంగారం కొనే నాడు తెలుగు పంచాంగం, ఇల్లు చూపే నాడు తమిళ సంప్రదాయం. మొగుడి సంగతి అమ్మణికి తెలియనిది కాదు. అమావాస్య నాడు మగ్గాలకు సెలవన్న సంగతీ ఆమెకు తెలుసు. నెలంతా టకటకమనే మగ్గాలు ఆ ఒక్కరోజే నోరు మూసుకుంటాయి. ఆమె కాఫీ గ్లాసు ఆయన పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. నళిని వేలూరులో పెద్దాసుపత్రి నర్సు. ఆమె అత్త చెంగమ్మ మేల్పాడిలో సేద్యం చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నళిని భర్తకు హోసూరులో ఉద్యోగం. వాళ్ళను పంపింది కన్నప్ప కూతురు సుమితే. అదే ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తూ హాస్టల్లో ఉంటుంది. నళినికి ఉన్న ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందని తెలిసి, మా నాయన ఇల్లుంది పొమ్మంది.

చెంగమ్మ మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ పైకెక్కింది. నళిని గది మధ్యలో నిలబడి చెవులు రిక్కించింది.

“ఎంత నిమ్మళంగా ఉండాది అప్పా. నైట్ డ్యూటీ పడితే పగలే పండుకోవల్ల. నాకు కావల్సింది ఇదే. కింద షెడ్డులో ఏముండాది?”

“మా సామాన్లమ్మా” అన్నాడు కన్నప్ప. మగ్గాలు సామాన్లు కాకపోతే మరేమిటి అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు.

సాయంత్రం సుమిత ఫోన్ చేసింది. “మగ్గాల సంగతి చెప్పినావా నాయనా?”

“అన్నీ చెప్పినా లేమ్మా.”

ఒక అబద్ధం ఇంకో అబద్ధానికి తోబుట్టువు. వాళ్ళు సామాన్లు దింపే రోజున కన్నప్ప మగ్గాలకు కూలితో సహా సెలవు ఇచ్చేశాడు. “అమావాస్య మొన్ననే గదా పోయె?” అని నేతగాళ్ళలో పెద్దవాడైన నారాయణన్ బుర్ర గోక్కుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు పొద్దున నళిని రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చి, ఇంత ఇడ్లీ తిని, అలా నడుం వాల్చిందో లేదో కింద మగ్గాలన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. కొత్త వంటింట్లో గ్లాసులు గణగణమన్నాయి. కన్నప్ప పెరట్లో నిలబడి, ఉరుము కోసం ఎదురుచూసేవాడిలా మేడవైపే చూస్తున్నాడు. నళిని ఎర్రబడ్డ కళ్ళతో మెట్లు దిగి వచ్చింది.

“ఏంది అప్పా ఈ సద్దు? ఎప్పుడు నిలిచిపోతాది?”

“పొద్దు గూకితే నిలిచిపోతాది తల్లీ.”

“రేపు?”

కన్నప్ప తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఆ పిల్ల తిట్టినా ఆయనకు బాగుండేది. ఆమె కింది మెట్టు మీద కూర్చుండిపోయి, “సుమిత చెప్పిందని నేనింకేమీ అడగలా” అంది మెల్లగా. అమ్మణి వచ్చి ఆమె చేయి పట్టుకుని, వీధివైపు గదిలోకి తీసుకెళ్ళి, కన్నప్ప మంచం మీదే పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసింది.

అమ్మణి ఫోన్ చేయడంతో మధ్యాహ్నం బస్సుకు సుమిత దిగింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

“అన్నీ చెప్పినానంటివే నాయనా. నా మాట మీద వచ్చింది నళినక్క. రేపు ఆమె మొగం ఎట్లా చూసేది నేను?”

“బాడుగిల్లంటే ఏదో ఒక లోపం ఉంటాదమ్మా. మీ వరదప్ప మామ చెప్పినట్టే చేసినా.”

సుమిత అక్కడే నిలబడి వరదప్పకు ఫోన్ కలిపి, జరిగింది చెప్పి, అందరికీ వినబడేట్టు పెట్టింది. అటునుంచి గురువు గొంతు గయ్‌మంది.

“మంచి వేళలో చూపించమంటే వెలుతురున్నప్పుడు చూపించమని బావా. మగ్గాల నోరు కట్టమన్నానా? లోపం ఉంటే మనమే ముందు చెప్పల్ల. తెలిసి వచ్చినోడు ఏండ్లకేండ్లు ఉంటాడు. తెలియక వచ్చినోడు నెల తిరక్కుండా పోతాడు, పోతా పోతా ఊరంతా చెప్పి పోతాడు.”

“విన్నావు గదా” అంది సుమిత. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నళినక్కకు మంచి ఇల్లు నువ్వే వెతికియ్యల్ల. అంతదాకా ఈ ఇంట్లో నేను అన్నం తినను.”

కన్నప్పకు కూతురంటే ప్రాణం. రాత్రి హోటల్ నుంచి పొట్లం తెచ్చుకుని గుమ్మంలో కూర్చుని తిన్న కూతుర్ని చూశాక, ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. తెల్లవారగానే చెంగమ్మను వెంటబెట్టుకుని ఇళ్ళ వేటకు బయల్దేరాడు.

మొదటి ఇంటాయన తలుపు సగమే తెరిచాడు. “నర్సమ్మా? రాత్రి పోయి పొద్దున వస్తాదా? మాకు సరిపోదు.”

“రోగుల పక్కన మేలుకోని ఉండే పిల్లయ్యా. రేపు నీకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు?” అని కన్నప్ప వీధిలోనే జగడానికి దిగాడు. చెంగమ్మే ఆయన్ని ఇవతలికి లాక్కొచ్చింది.

రెండో ఇల్లు ఎంతో బాగుంది. చప్పుడన్నది లేదు. ఆ నిశ్శబ్దమే కన్నప్పకు అనుమానం తెచ్చింది. పిట్టగోడ మీంచి తొంగి చూశాడు. పక్కనే కల్యాణమండపం.

“ముహూర్తాల దినం ఈడ ఎట్లుంటాది?” అని అడిగాడు.

ఇంటాయన ఆకాశంలోకి చూశాడు. కన్నప్పకు ఆ చూపు బాగా తెలుసు. మొన్న తన మొహంలో ఉన్నదే. పక్కవాడి మొహం మీద చూస్తే గానీ అదెంత అసహ్యంగా ఉంటుందో తెలియలేదు.

తిరిగొస్తూ చెంగమ్మ ఒక అరుగు మీద కూలబడి మోకాళ్ళు పిసుక్కుంది. “ఒక మాట చెప్తా అన్నా, ఏమీ అనుకోవద్దు. సద్దు కత అట్లుండనీ, నాకు ఆ మెట్లే యముడు. మీ వీధి గదిలో ఆ పిల్ల నిన్న ఎంత బాగా నిద్రపోయెనో. ఇల్లంటే మీ పాతిల్లు మాదిరి ఉండల్ల.”

కన్నప్ప ఆమెకు చెయ్యి అందించి లేపాడు.

ఇంటికొచ్చేసరికి వీధి గదిలో నళిని గాఢనిద్రలో ఉంది. అమ్మణి కనబడలేదు. వెతుక్కుంటూ మేడెక్కాడు. కింద మగ్గాలు మోతమోగుతున్నాయి. కొత్త వంటింట్లో అమ్మణి గట్టు ముందు నిలబడి, కిటికీ వెలుతురులో వంకాయలు తరుగుతూ కూనిరాగం తీస్తోంది. ఆమె పాడుతుందని కన్నప్ప మరిచిపోయి ఎన్నాళ్ళయిందో.

ఆయన్ని చూడగానే అమ్మణి పరాయింట్లో దొరికిపోయినదానిలా తడబడింది. “బిడ్డ నిద్ర చెడిపోతాదని ఈడ వండతా ఉండా. ఇప్పుడే తుడిచేస్తా.”

“ఈ సద్దులో ఎట్లుండావు?”

“సద్దా? కాపురానికొచ్చినప్పట్నుంచి వినేదే గదా. నిలిచిపోయినప్పుడే నాకు దిగులు.”

కన్నప్ప గట్టు మీద చెయ్యి ఆనించాడు. “ఈ వంటిల్లు నచ్చిందా నీకి?”

అమ్మణి తల దించుకుని వంకాయ ముక్కల్ని నీళ్ళలో వేసింది. “కట్టేటప్పుడు దినమూ వచ్చి చూసిపోతా ఉంటి. గట్టు సరిగ్గా నా ఎత్తుకే వచ్చింది. బాడుగకొచ్చే తల్లెవరో అదృష్టవంతురాలు అనుకున్నా.”

“నాతో చెప్పకూడదా?”

“మీరు అడిగితే గదా.”

ఆమె నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అంది. కన్నప్పకు పాతింటి వంటిల్లు కళ్ళముందు కదిలింది. కిటికీ లేని గది, చేతికి అందీ అందని అలమర, కింద కూర్చుని లేచేటప్పుడల్లా గోడను పట్టుకునే అమ్మణి చెయ్యి. అద్దెకొచ్చే ఆడవాళ్ళకు ఏం కావాలో ఊరంతా తిరిగి అడిగాడు. ఇంట్లో ఉన్న ఆడదాన్ని ఒక్కమాట అడగలేదు. సిగ్గుతో, ఆమె మీద పొంగుకొచ్చిన ప్రేమతో ఆయనకు కన్నీళ్ళు ఆగలేదు. మగ్గాల మోతలో తన వెక్కిళ్ళు వినబడవనుకున్నాడు గానీ, ఆ మోతలో సగం బతుకు గడిపిన అమ్మణికి వినబడ్డాయి. తడిచేతుల్ని కొంగుకు తుడుచుకుని ఆయన భుజం మీద వేసింది.

నళిని నిద్రలేచాక కన్నప్ప అందరినీ పెరట్లోకి పిలిచాడు.

“తల్లీ, మగ్గాలుండాయని తెలిసే దాచిపెట్టినా. తప్పు నాది. మేమిద్దరం మేడ మీదికి పోతాం. వీధివైపు పాతిల్లు మీరు తీసుకోండి. వంటింటికి గట్టు, కిటికీ పెట్టించినాకే చేరండి. లోపాలు ముందే చెప్తా ఉండా. వానొస్తే వెనక గది మూల కారతాది. కుళాయి నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి. పొద్దున్నే పాలాయన హారన్ కొడతాడు. ఎదురింటి కోడికి వేళాపాళా తెలీదు. ఇంగా ఏమన్నా ఉంటే మా అమ్మణిని అడుగు, నాకంటే ఆమెకే బాగా తెలుసు.”

“చాలప్పా. ఇంగా చెప్తే నేను పారిపోతా” అని నళిని పకపకా నవ్వింది. చెంగమ్మ అప్పటికే తన సంచీ తెచ్చి వీధి గది మూలన పెట్టేసుకుంది.

సుమిత తండ్రి మొహం వంక చూసి, “అమ్మా, నాకు అన్నం పెట్టు” అంది. ఆ మాటతో కన్నప్ప మళ్ళీ ఏడ్చాడు, ఈసారి అందరి ముందూ.

పాతింటి వంటిల్లు బాగయ్యాక ఒక మంచిరోజున మేడ మీద పాలు పొంగించారు. మగ్గాలకు సెలవు ఇవ్వలేదు. అమ్మణి కొత్త చీరలో, పొంగుతున్న గిన్నె ముందు నిలబడింది. కన్నప్ప వెనక చేరి, కొంచెం బెరుకుగా అడిగాడు.

“ఇంగా ఏమన్నా కావల్నా నీకి?”

అమ్మణి తిరిగి చూసింది. నవ్వబోయింది గానీ ముందు కన్నీళ్ళే వచ్చాయి.

“అడుగుతారని నాకేం తెలుసు? ఆలోచించల్ల. ఒక వారం టయమియ్యండి.”