ఒకే షెడ్డులో రెండు బైకులు

ఆదివారం ఉదయం సావనీ బియ్యం జావలోకి అల్లం తరుగుతూ ఉంటే, షెడ్డులోంచి పెట్టెల మూతలు బిగిస్తున్న చప్పుడు వినిపించింది. భర్త ప్రయూన్ మళ్ళీ బయలుదేరుతున్నాడన్నమాట. ఈసారి బేతోంగ్‌కట. చియాంగ్ మాయ్ నుంచి చూస్తే దేశానికి దక్షిణాన ఆ చివర.

ఆ షెడ్డులో రెండు బైకులున్నాయి. భర్తది ఇరువైపులా పెట్టెలతో గేదెలా నిలబడే బండి. తిన్నని రోడ్ల మీద ఎంత దూరమైనా పోతుంది. ఆమెది ముందుకు వంగి కూర్చునే సన్నటి ఎర్ర బండి. కొండ వంపుల కోసమే పుట్టినట్టుంటుంది. ఏది గొప్పదని ఇద్దరూ వాదులాడుకుంటే కొడుకు తనిన్ నవ్వుతూ తీర్పు చెప్పేవాడు. పోయిన వానాకాలంలో విషజ్వరం ఆ ఒక్కగానొక్క కొడుకుని చూస్తుండగానే తీసుకుపోయింది. అప్పటినుంచి ప్రయూన్ వారాల తరబడి రోడ్ల మీదే ఉంటున్నాడు. సావనీ ఆదివారం వస్తే సమోంగ్ కొండలెక్కుతుంది. ఇద్దరూ ఇంట్లో ఉన్న రోజున కూడా మాట్లాడేది టీవీ ఒక్కటే.

“వెనక సీటు ఖాళీగానే ఉంది. వస్తావా?” జావ తింటూ తలెత్తకుండా అడిగాడు ప్రయూన్.

“నీ వెనక మూటలా కూర్చుని రోజంతా పొలాలు చూడ్డమా? నావల్ల కాదు, యూన్.”

“అవున్లే. వంపుల్లో బండి వాల్చి మోకాలు నేలకి రాసుకుంటే గానీ నీకు తోచదు.”

“నీకు మాత్రం? కొత్త ఊళ్ళు, కొత్త స్నేహాలు, దారి పొడుగునా ఫొటోలు. హాయిగా ఉంది నీ పని.”

చెంచా గిన్నెలో ఠంగుమని పడింది. “హాయా? కొడుకు పోయి ఏడాది తిరగలేదు, కుర్రాళ్ళతో పోటీపడి వంపుల్లో ఎగురుతున్నదెవరు? అసలు నువ్వు తల్లివేనా?”

సావనీ లేచింది. జాకెట్ తొడుక్కుని బండి తీసింది.

కొండ మొదలవగానే చూపు వంపు చివర నిలిపి, వేగం తగ్గించి, ఒంటిని లోపలికి వాల్చింది. ఒకటి దాటగానే మరొకటి. అక్కడ మరో ఆలోచనకి చోటుండదు. పైకెక్కాక కొంత దూరం దారి తిన్నగా సాగింది. ఆ కాస్తలోనే తనిన్ మొహం కళ్ళ ముందుకొచ్చింది. స్ట్రాబెర్రీలు అమ్మే పాక దగ్గర బండి ఆపి, ఒంటరిగా బల్ల మీద కూలబడింది.

కాసేపటికి బరువైన ఇంజను చప్పుడు వినిపించింది. పెట్టెలు కట్టిన బండితో ప్రయూన్ ఆయాసపడుతూ వచ్చి ఆగాడు.

“దక్షిణానికి కదా వెళ్ళాల్సింది?”

“అనరాని మాటన్నాను. నువ్వు తిరిగి ఏమీ అనలేదు. ఉండలేక వచ్చాను.” హెల్మెట్ తియ్యకుండానే ఆమె పక్కన కూర్చున్నాడు. “వంపుల్లో రెండుసార్లు ఎదురొచ్చే బళ్ళ వైపుకి పోయాను. ప్రాణం గొంతులోకొచ్చింది. సావనీ... కొండెక్కినంతసేపూ వాడు గుర్తు రాలేదు.”

ఆమె తల దించుకుంది. “అందుకే వస్తాను. ఆ కాసేపే నాకు ఊపిరాడేది.”

“నాకు చెప్పలేదేం?”

“నువ్వు ఇంట్లో ఉన్నదెప్పుడు? అంత దూరాలు పోయి ఏం చేస్తావు నువ్వు?”

ప్రయూన్ రోడ్డు వైపు చూశాడు. “ఏడుస్తాను. హెల్మెట్ లోపల ఎవరికీ కనబడదు. ఇంట్లో అయితే నువ్వు చూస్తావు. చూస్తే నువ్వూ కూలిపోతావని...”

ఇన్నాళ్ళూ అవతలి మనిషి కొడుకుని మరిచిపోయి తిరుగుతున్నట్టు ఇద్దరూ అనుకున్నారు. సావనీ చెయ్యి చాచి అతని గడ్డం కింద పట్టీ విప్పింది. హెల్మెట్ మెల్లగా పైకి లాగి తీసేసింది. చెంపలు అప్పటికే తడిసి ఉన్నాయి.

“నేను కూలిపోతే పట్టుకో,” అంది. “అంతే. నా ఎదుటే ఏడువు, యూన్.”

పాక యజమానురాలు చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. ప్రయూన్ భార్య భుజం మీద తల వాల్చి, కొడుకుని పేరు పెట్టి పిలుస్తూ, గొంతెత్తి ఏడ్చాడు.