తలుపు బిగించేదాకా

లిఫ్ట్ మెకానిక్ ఆ ఇంట్లోకి మొదటిసారి తలుపు మీదుగా వచ్చాడు. అంటే తలుపు నేల మీద పడి ఉంది, దాని మీద అతను ఉన్నాడు.

తప్పు పూర్తిగా అతనిదీ కాదు. సాయంత్రం పూట, బయట వాన దంచి కొడుతుంటే, మూడో అంతస్తులో లిఫ్టు బాగుచేసుకుంటున్న మనిషికి ఎదుటి ఫ్లాటులోంచి ఒక ఆడగొంతు వినిపించింది. "లోపల చంపేస్తున్నారు. పసిపిల్లల్ని కూడా వదలడం లేదు. బయటివాళ్లంతా వింటూ కూర్చున్నారే తప్ప, ఒక్కరైనా అడుగు ముందుకు వెయ్యరా?" ఇరుక్కుపోయినవాళ్లని తలుపులు పెకలించి బయటికి లాగడం అతనికి రోజూ ఉండే పనే. చేతిలో పలుగు కూడా ఉంది. ఇంక ఆలోచించలేదు.

తీరా చూస్తే లోపల ఎవరూ ఎవరినీ చంపడం లేదు. కాలేజీ లెక్చరర్ ఒకామె కాగితాలు పట్టుకుని, కుర్చీలో కునుకు తీస్తున్న అమ్మమ్మ ఎదుట ఉపన్యాసం ప్రాక్టీసు చేస్తోంది.

"ఎవరు మీరు?" అందామె.

"ఎవర్ని చంపుతున్నారు?" అన్నాడతను.

"ఇక్కడ కాదు. వేరే దేశంలో."

అతను పలుగు కిందికి దించాడు. "మరి ఇక్కడ అరుస్తున్నారేంటండీ?"

ఆమె విడమరిచి చెప్పింది. ఎక్కడో ఒక దేశంలో ప్రభుత్వం సొంత జనాన్నే ఊచకోత కోస్తోంది. వాళ్లని కాపాడటానికి మన సైన్యం వెళ్లాలా వద్దా అని టౌన్‌హాల్లో చర్చ పెట్టారు. వెళ్లాలని ఒక ప్లీడరు మాట్లాడతాడు, వద్దని ఈమె మాట్లాడుతుంది.

"ఇందాక వెళ్లమన్నట్టే వినిపించింది."

"అది ప్లీడరు వాదన. ఆయన ఏమంటాడో ముందే అనుకుని చూసుకుంటున్నా."

"బాగా అన్నారు. నేను నమ్మేశాను."

"కనిపిస్తూనే ఉంది," అందామె తలుపు వంక చూసి.

అప్పుడు అమ్మమ్మ కళ్లు తెరిచింది. "ఎవరే ఈ అబ్బాయి? గాలి బాగా వస్తోంది," అంది.

కొత్త తలుపు తనే చేయించి బిగిస్తానని అతను మాటిచ్చాడు. అందాకా గుమ్మానికి ఒక దుప్పటి కట్టారు. మర్నాడు కొలతలు తీసుకోవడానికి వచ్చాడు. ఆ మర్నాడు, వానకి గుమ్మం ఉబ్బి ఉంటుందని, మళ్లీ తీసుకోవడానికి వచ్చాడు. తర్వాత బందులు నచ్చలేదన్నాడు, గడియ దొరకలేదన్నాడు. సంగతేమిటంటే, ఆమె మీద అతను మనసు పడ్డాడు. తలుపు బిగించిన రోజున ఆ ఇంటితో తనకి పని ఉండదు. పని లేకుండా ఒక ఇంటికి ఎలా వెళ్లాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

"లిఫ్టుకి ఎన్ని తలుపులుంటాయి?" అనడిగింది ఆమె ఒకరోజు.

"అంతస్తుకొకటండి."

"అవన్నీ బిగించారు కదా. మాది ఒక్కటే."

"మీది చెక్కండి. చెక్కతో తొందర పనికిరాదు."

రోజూ పని అయిపోయాక వచ్చి, గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చునేవాడు. తలుపు లేని ఇల్లు, ఎవరైనా చొరబడితే ఎలా అనేవాడు.

"ఇప్పటిదాకా చొరబడింది మీరొక్కరే," అనేదామె, టీ ఇస్తూ.

చర్చ రోజున అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అమ్మమ్మని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మొదట ప్లీడరు లేచాడు. "పక్కింట్లో కేకలు వినిపిస్తుంటే గోడకి చెవి ఆనించి కూర్చునేవాణ్ణి మంచి పొరుగువాడంటామా?" అన్నాడు. లిఫ్ట్ మెకానిక్ చప్పట్లు కొట్టాడు. అమ్మమ్మ అతని తొడ మీద గిల్లింది.

తర్వాత ఆమె లేచింది. కాగితాలు పక్కన పెట్టేసింది.

"పొరుగువాడి సంగతి నాకు బాగా తెలుసు. మా ఇంట్లో కేకలు విని ఒకాయన తలుపు బద్దలుకొట్టుకుని వచ్చాడు. మనసు మంచిదే, కాదనను. కానీ లోపలున్నవాళ్లని ఒక్క మాట అడగలేదు. బాగుచేస్తానని చెప్పి, వారాలు గడిచినా ఇంకా మా గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు."

హాలంతా నవ్వులు. అతను ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నవ్వండి. అది తలుపు కాబట్టి సరిపోయింది," అందామె, నవ్వకుండా. "విరిగితే ఇంకోటి చేయించుకుంటాం. మీరు పంపే బాంబు ఊరి మీద పడుతుంది. హంతకుడెవరో, పసిపిల్ల ఎవరో దానికి తెలియదు. వెళ్తామనేవాళ్లు తిరిగి ఎప్పుడు వస్తారో ముందు చెప్పండి. అది చెప్పలేనివాళ్లు గడప దాటకూడదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. హాలు ఆమె వైపు ఒరుగుతున్నట్టు అందరికీ తెలుస్తూనే ఉంది. అలాంటప్పుడు ప్లీడరు తన వంతు ప్రశ్న అడిగాడు.

"ఆ పొరుగాయన వెళ్లడం లేదన్నారు. వెళ్లిపొమ్మని మీరు ఎప్పుడైనా చెప్పారా అమ్మా?"

చెప్పాననేస్తే సరిపోయేది. ఆ హాల్లో సాక్షులు ఎవరున్నారు, అతనూ అమ్మమ్మా తప్ప. ఆమె ముందు వరస వైపు చూసింది.

"లేదు," అంది.

"ఎందుకని?"

ఆమె పక్కన పెట్టిన కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది. అధ్యక్షుడు గంట కొట్టాడు. చేతులెత్తమన్నప్పుడు హాల్లో సగానికి పైగా ప్లీడరు వైపు ఎత్తారు.

తిరిగి వస్తుంటే సన్నగా తుంపర పడుతోంది. ముగ్గురికీ ఒకటే గొడుగు, మధ్యలో అమ్మమ్మ.

"నా వల్ల ఓడిపోయారు," అన్నాడతను.

"మీ వల్ల కాదు. అబద్ధం చేతకాక. చెయ్యి ఎటు ఎత్తారు?"

"మీ వైపే. ఆ రోజు తలుపు కొట్టి అడగాల్సింది. ఆ దేశం సంగతి నాకు తెలీదు గానీ, మీ ఇంటి విషయంలో మీరన్నదే రైటు." గొడుగు అమ్మమ్మ వైపు వంచాడు. "తలుపు ఎప్పుడో తయారైందండి. మా ఇంట్లో గోడకి ఆనించి ఉంది."

"తెలుసు. రెండోసారి కొలతలు తీసినప్పుడు టేపు తలకిందులుగా పట్టుకున్నారు."

అతను ఇంకేదో అంటాడని ఆమె ఎదురుచూసింది. "రేపు పొద్దున బిగించేస్తాను," అన్నాడు. ఆమె సరే అంది. అమ్మమ్మ నిట్టూర్చింది.

అన్నట్టుగానే పొద్దున్నే వచ్చి బిగించాడు. తలుపు ఎక్కడా రాసుకోలేదు, కిర్రుమనలేదు. సామాను సర్దుకుని బయటికి వచ్చాడు. వెనకాల ఆమె తలుపేసి గడియ పెట్టుకుంది.

అతను లిఫ్టు బటన్ నొక్కాడు. లిఫ్టు వచ్చింది, తెరుచుకుంది, ఎవరూ ఎక్కకపోతే మూసుకుంది. పలుగున్న సంచీ అక్కడే దించి, చేతులు తుడుచుకుని, వెళ్లి తలుపు తట్టాడు.

"ఎవరు?" లోపలి నుంచి ఆమె గొంతు.

"నేనండి. లిఫ్ట్ మెకానిక్‌ని."

"ఇక్కడ ఎవరికీ ప్రమాదం లేదు."

"తెలుసండి."

"తలుపు కూడా బాగానే ఉంది."

"తెలుసండి. నేనే బిగించాను."

"మరి ఏం పని?"

"పనేం లేదండి. మీరంటే ఇష్టం. తలుపు లేనన్నాళ్లూ ఆ మాట చెప్పలేకపోయాను. రమ్మంటే వస్తాను. వద్దంటే లిఫ్టెక్కి వెళ్లిపోతాను."

ఈసారి అమ్మమ్మ గొంతు వినిపించింది. "తియ్యవే. గాలి ఆడటం లేదు."

గడియ కదిలింది. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ గొంతు మాత్రం టౌన్‌హాల్లో ఉన్నట్టే ఉంది.

"గడప దాటేముందు ఒకటి చెప్పాలి. తిరిగి ఎప్పుడు వెళ్తారు?"

"మీరు పొమ్మన్నప్పుడు."

"అయితే ఇప్పట్లో కాదు," అని ఆమె పక్కకి జరిగి దారిచ్చింది.