ఎడమచేతి గీతలు

కాఫీ కప్పు ముందు పెట్టగానే అర్మాన్ కలామ్ కప్పు వదిలేసి కూతురి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏదో టిక్కు టిక్కుమంటోంది. చెయ్యిలా తే."

"కాఫీ చల్లారిపోతుంది నాన్నా."

"చల్లారనీ. ఆపరేషన్ నా కంటికి అయింది, చెవికి కాదు."

నదేజ్ నవ్వి చెయ్యి బల్ల మీద పెట్టింది. కిటికీ బయట, వాచీల తయారీకి పేరుపడ్డ లా షోద్‌ఫాన్ ఊరి వీధుల్లో మంచు తవ్వే బండి అప్పుడే వెళ్ళింది. ఆమె బేకరీలో పనికి వెళ్ళడానికి ఇంకా కాస్త టైముంది. ఒక కంటికి పొర తీయించుకుని, రెండోదానికి వంతు కోసం ఎదురుచూస్తున్న ఆ ముసలాయన, వాచీని కళ్ళతో చూడాలని ప్రయత్నించనైనా లేదు. బొటనవేలు దాని మీద నెమ్మదిగా తిప్పాడు. ఊళ్ళో వాచీ కేసులకి మెరుగు పెట్టే వర్క్‌షాపులో జుట్టు నెరిసేదాకా పనిచేసిన బొటనవేలు అది.

"కొత్తది కాదు."

"కాదు."

"నా వయసుదా?"

"నీ పెళ్ళి వయసుది."

"అయితే బాగా దెబ్బలు తిన్నదే!" అన్నాడు అర్మాన్. "ఇదిగో ఇక్కడ సొట్ట. ఇక్కడ గీత. ఈ బెల్టు బిగించే కొమ్ముల మీదైతే ఎవడో పిల్లి చేత రక్కించినట్టున్నాడు. ఎవరిచ్చారమ్మా నీకిది, జాలిపడి?"

"కొన్నాను."

"డబ్బు పెట్టి?"

"కారు కోసం దాచుకున్నదంతా పెట్టి."

అర్మాన్ చెయ్యి వదిలేసి కాఫీ అందుకున్నాడు. "శభాష్. కారుని చేతికి కట్టుకున్నావన్నమాట. ఇవాళ్టి నుంచి బేకరీకి దాని మీదెక్కి వెళ్ళు. కలామ్ కూతురు గీతల వాచీ పెట్టుకు తిరుగుతోందంటే నా పరువేం కాను?"

నదేజ్‌కి అక్కడే, ఆ క్షణమే చెప్పేయాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటని బలవంతాన ఆపుకుంది. "ఆదివారం దాకా దీని గురించి ఏమీ అడక్కు నాన్నా. శనివారం నీ కొత్త కళ్ళద్దాలు వస్తాయి. ఆదివారం పొద్దున చెబుతాను."

"ఆదివారం మీ అమ్మ పుట్టినరోజు."

"తెలుసు నాన్నా," అంది కోటు వేసుకుంటూ.

ఆ వాచీని ఆమె పోయిన వారం పాత వాచీల సంతలో కొన్నది. నిజానికి కొనడానికి వెళ్ళలేదు. ఆ ఊళ్ళో పుట్టి, సగం ప్రపంచానికి వాచీలు చేసే మనుషుల మధ్య పెరిగి, నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆమెకి సొంతంగా మంచి వాచీ అన్నది లేదు. స్వీట్ల కొట్లో పనిచేసేవాడికి స్వీటు మీద మనసు పోదు కదా, కలామ్ వాళ్ళింట్లో వాచీల సంగతీ అంతే. కాళ్ళు చల్లగా ఉన్నాయని సంత జరిగే హాల్లోకి దూరింది. గాంద్రా అనే పాత వ్యాపారి బల్ల దగ్గర ఆగింది.

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడే కంపెనీ వాచీ అది. తెల్లని డయల్ కాలానికి టీ రంగులోకి తిరిగింది. "దీనికి ఎవరూ మళ్ళీ మెరుగు పెట్టలేదమ్మా. సొట్టలు పడ్డా, వర్క్‌షాపులో చేసిన పని అలాగే ఉంది. అందుకే ఆ రేటు," అన్నాడు గాంద్రా, భూతద్దం చేతికిస్తూ.

నదేజ్ ఊరికే, మర్యాదకి, భూతద్దం కంటికి పెట్టుకుంది. బెల్టు బిగించే నాలుగు కొమ్ముల మీద వెంట్రుకల్లాంటి సన్నని గీతలు. ఉప్పుకాగితం చుట్టిన పుల్లతో, చేత్తో గీసినవి. అన్ని వాచీలకీ ఆ గీతలు కుడివైపుకి వాలుతాయి. వీటికి ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

ఆమెకి కాళ్ళ చలి సంగతి గుర్తులేకుండా పోయింది.

అమ్మది పుర్రచెయ్యి. నాన్న మెరుగు చక్రం దగ్గర కేసులు అద్దంలా చేసి పక్క బల్లకి అందిస్తే, అమ్మ యుగెత్ అందం కోసం వాటి కొమ్ముల మీద సన్నగీతలు గీసేది. ఎడమచేత్తో గీస్తే గీత ఎడమకే వాలుతుంది. మేస్త్రీ కేకలేశాడు. "టైం చూసేవాడు టైం చూస్తాడుగానీ కొమ్ములు చూస్తాడా?" అని నాన్న మేస్త్రీతో గొడవకి దిగాడు. ఆ గొడవలోనే ఆయన ప్రేమ సంగతి వర్క్‌షాపంతటికీ తెలిసిపోయింది. పెళ్ళయిన కొన్నాళ్ళదాకా గీతలు ఎడమకే వాలాయి. తర్వాత మేస్త్రీ పంతం నెగ్గి, ఆమె కుడిచేతికి మారింది. నదేజ్ చిన్నప్పుడు ప్రతి పండక్కీ నాన్న ఈ కథ చెప్పేవాడు.

నదేజ్ రెండో తరగతిలో ఉండగా అమ్మ జబ్బుతో పోయింది. ఇంట్లో ఆమెవి నాలుగు ఫోటోలు, ఒక శాలువా మిగిలాయి. ఆమె చేతిపని ఒక్కటీ లేదు. పేరు లేకుండా ఎవరెవరి మణికట్లకో ఎక్కి దేశాలు పట్టుకుపోయింది. ఆ వర్క్‌షాపులో పుర్రచెయ్యి మనిషి యుగెత్ ఒక్కతే. ఆ కంపెనీకి కేసులు చేసింది ఆ వర్క్‌షాపే. ఇంకేం రుజువు కావాలి? నదేజ్ బేరమాడలేదు. ఆడితే గాంద్రా మనసు మార్చుకుంటాడేమోనని భయపడింది.

కీ ఇచ్చి చేతికి పెట్టుకుని వీధిలోకి వచ్చాక, అంత చలిలో కోటు చెయ్యి పైకి మడుచుకుని నడిచింది. ఎదురొచ్చినవాళ్ళు వింతగా చూశారు. చూస్తే చూడనీ. మొదట్లో మంచులా చల్లగా తగిలిన వాచీ కాసేపట్లో ఒంటి వేడికి వెచ్చబడింది. రోడ్డు దాటేటప్పుడు అమ్మ తన మణికట్టు సరిగ్గా అక్కడే పట్టుకునేది. నలభై ఏళ్ళకి మళ్ళీ ఆ పట్టు దొరికినట్టయి, నడివీధిలో ఆమెకి ఏడుపొచ్చింది.

నాన్నకి అప్పుడే చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. చెబితే వెంటనే చూస్తానంటాడు. చూడలేడు. అందుకే కొత్త కళ్ళద్దాలు పెట్టి, భూతద్దం చేతికిచ్చి, "ఎవరి చెయ్యో చెప్పు నాన్నా" అని అడగాలనుకుంది. ఆ ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ వారమంతా పిండి పిసికింది. పనిలో పిండి పడుతుందని వాచీని మాత్రం రోజూ వంటింటి అల్మారాలో సాసర్లో పెట్టి వెళ్ళేది.

శనివారం మధ్యాహ్నం, మర్నాటి కోసం జడలా అల్లిన రొట్టె ఒక చేత్తో, కళ్ళద్దాల డబ్బా ఇంకో చేత్తో పట్టుకుని మెట్లెక్కుతుంటే వాసన తగిలింది. మైనం, కాలిన బట్ట, ఇనుము కలిసిన వాసన. చిన్నప్పుడు నాన్న చొక్కాల్లోంచి వచ్చే వాసన. కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో లేని వాసన.

గబగబా వంటింట్లోకి వెళ్ళింది. సాసరు ఖాళీగా ఉంది.

"వచ్చావా తల్లీ!" అంటూ అర్మాన్, తన పాత మెరుగు చక్రం ఉన్న అటక గదిలోంచి దిగి వచ్చాడు. ముక్కు మీద నల్లటి మసి. ముఖం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. "ఆదివారం దాకా ఆగమన్నావుగానీ నావల్ల కాలేదు. కూర్చో. కళ్ళు మూసుకో."

"నాన్నా, వాచీ ఏది?"

"కూర్చోమన్నానా!"

ఆయన దోసిట్లో ఉన్న మెత్తని బట్ట విప్పాడు. కిటికీ వెలుగంతా అందులో పడింది. కొమ్ములు, అంచులు, అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. సొట్ట లేదు. గీత లేదు. ఒక్కటంటే ఒక్క గీత లేదు.

"మిషను విప్పి, బోర్లించిన గ్లాసు కింద పెట్టా, దుమ్ము పడకుండా. కేసు ఒక్కటే చక్రానికి పెట్టి, మళ్ళీ అన్నీ బిగించేశా. కన్ను లేకపోతేనేం, వేలుంది కదా! చూశావా, మీ నాన్న చెయ్యి ఇంకా పడిపోలేదు. రేపు మీ అమ్మ సమాధి దగ్గరికి పెట్టుకెళ్ళు. నా కూతురు గీతలు పడ్డ వస్తువు పెట్టుకోకూడదు."

నదేజ్ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. వాచీని ఇటు తిప్పింది, అటు తిప్పింది. నాలుగు కొమ్ముల్లోనూ ఆమె ముఖమే నాలుగుసార్లు కనిపించింది.

"ఏం చేశావు నాన్నా?"

"ఏంటమ్మా?"

"ఏం చేశావు? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? నేను అడిగానా? నీ పనితనం, నీ పరువు... జీవితమంతా నీకు అదే గోల!"

అర్మాన్ నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, తీసేయాలని తోచక. "రేటు పడిపోతుందనా? ఈ కాలం కుర్రాళ్ళు మెరుగు పెట్టకూడదంటారు, విన్నాను. వాళ్ళ మాటలు నమ్మకు. తళతళలాడుతోంటే..."

"రేటు కాదు నాన్నా! అవి అమ్మ గీసిన గీతలు!"

ఆమె వాచీని ఆయన ముందుకి చాపింది.

"ఎడమకి వాలి ఉన్నాయి," అంది నదేజ్. "నాలుగు కొమ్ములమీదా. నువ్వు మేస్త్రీతో పోట్లాడిన రోజులవి. అందుకే కొన్నాను. నీ కళ్ళు బాగయ్యాక నీకే చూపిద్దామని. ఈ ఇంట్లో అమ్మ చేతిపని అంటూ ఉన్నది ఇదొక్కటే నాన్నా. నీ చక్రం కింద పెట్టి అమ్మని తుడిచేశావు!"

అన్నాక, ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందనుకుంది. కానీ అనేసింది.

అర్మాన్ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపాడు. అది దొరకలేదు. గోడకి ఆనుకున్నాడు. తన బొటనవేలిని చూసుకున్నాడు.

"తగిలింది," అన్నాడు.

"ఏంటి?"

"వేలికి తగిలింది. కొమ్ముల మీద... అడ్డంగా, ఎదురుగా, ఉండాల్సిన వాటం కాదు. ఎవడో చేతకాని వెధవ గీశాడు అనుకున్నా." ఆయన వేలిని చొక్కాకి తుడుచుకున్నాడు. "అనుకుని ఇంకా గట్టిగా అదిమా తల్లీ."

నదేజ్‌కి కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. దగ్గరికి వెళ్ళబోయింది. ఆయన వద్దన్నట్టు చెయ్యెత్తి, గోడ పట్టుకుని, మెల్లగా తన గదిలోకి వెళ్ళిపోయాడు. రాత్రి సూపు తాగడానికి రమ్మంటే ఆకలి లేదన్నాడు. ఆమెకీ ముద్ద దిగలేదు. ముట్టుకోవద్దు అని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది. పిచ్చి ముచ్చటకి పోయి దాచింది. తప్పు ఆయన ఒక్కడిదే అని ఎలా అనగలదు?

ఆదివారం పొద్దున ఆమె లేచేసరికి అర్మాన్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ముందు ఉప్పుకాగితం చుట్టిన పుల్ల, అరచేయంత ఇత్తడి రేకు. రేకు నిండా గీతలు. కొన్ని వంకర, కొన్ని సగంలో ఆగిపోయినవి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడినవి.

"ఎడమచేత్తో గీస్తున్నా," అన్నాడు తలెత్తకుండా. "రావడంలేదు. మీ అమ్మ నవ్వుతూ, కబుర్లు చెబుతూ గీసేది."

నదేజ్ ఎదురుగా కూర్చుంది. "నిన్న అనకూడని మాట అన్నాను నాన్నా."

"నిజమే అన్నావు." రేకు ఆమె వైపు జరిపాడు. "వీటిలో ఏదైనా అలా ఉందా? ఇలా వాలేవా? ఇంకాస్తా?"

"నీకు తెలియదా?"

అర్మాన్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వాటి కోసం మేస్త్రీ కాలర్ పట్టుకున్నా. ఊరంతటికీ కథలా చెప్పుకున్నా. కానీ ఆ గీతలు ఒక్కసారీ సరిగ్గా చూళ్ళేదమ్మా. గీసేటప్పుడు మీ అమ్మ ముఖమే చూసేవాణ్ణి." రేకుని ఇంకాస్త ఆమె దగ్గరికి జరిపాడు. "నువ్వు చూశావు కదా. నువ్వొక్కదానివే చూశావు. చెప్పు."

నదేజ్ రేకు పక్కకి నెట్టింది. నాన్న ఎడమచెయ్యి అందుకుని అరచేయి తెరిచింది. చూపుడువేలి గోరుతో మెల్లగా గీయడం మొదలుపెట్టింది. ఒకటి, దాని పక్కనే ఇంకొకటి, ఎడమకి వాలుతూ, మధ్యలో వెంట్రుక సందు కూడా లేకుండా. కొస దగ్గర కాస్త తేలికగా, చెయ్యి ఎత్తేస్తున్నట్టు.

"ఇలా నాన్నా. కొసకి వచ్చేసరికి ఇలా పలచబడేవి."

"అవును," అన్నాడు అర్మాన్. కళ్ళు మూసుకున్నాడు. "అక్కడ మీ అమ్మ బిగబట్టిన ఊపిరి వదిలేది."

ఆమె మళ్ళీ గీసింది. ముసలి కన్నీళ్ళు ముక్కు పక్కనుంచి జారి బల్ల మీద పడుతున్నా తుడుచుకోలేదు. తుడుద్దామని ఆమె లేవబోతే ఆపాడు.

"వాచీ పెట్టుకో. మీ అమ్మ దగ్గరికి వెళదాం."

"పెట్టుకోనా?"

"పెట్టుకోక? కారు ఖరీదు పోశావు." ఆ కన్నీళ్ళలోనే ఓ నవ్వు తెచ్చుకున్నాడు.

ఆమె కీ ఇచ్చి వాచీ చేతికి పెట్టుకుంది. బెల్టు బిగించబోయాడు అర్మాన్. బిగించడానికి రెండు చేతులు కావాలి. ఆమె గీతలు గీసిన ఎడమచెయ్యి మాత్రం పిడికిలి విడవలేదు. కుడిచేత్తోనే తంటాలు పడి బెల్టు దూర్చాడు. సమాధుల తోట దాకా మంచులో నడిచినంతసేపూ ఆ పిడికిలి అలాగే మూసి ఉంది. యుగెత్ పేరున్న రాయి దగ్గరికి వచ్చాక, వంగి, రాతి మీది మంచు తుడిచి, అప్పుడు దాని మీద అరచేయి తెరిచి పెట్టాడు.