ఊఁకొట్టే ఇల్లు

పొందూరు సాలెవీధి చివర, ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, ఓ పెంకుటిల్లు ఉండేది. వీధి తలుపుకు తాళం. అరుగు నిండా దుమ్ము. పగలు ఆ అరుగు మీద మేకలు పడుకునేవి గానీ, పొద్దుపోయాక అవి కూడా లేచిపోయేవట. ఊళ్ళో దాన్ని ఊఁకొట్టే ఇల్లు అనేవారు.

ఆ ఇంట్లో దెయ్యం అరవదు, ఏడవదు, గజ్జెలు మోగించదు. మీరు ఆ దారిన పోతూ పక్కవాడితో ఏదో చెబుతున్నారనుకోండి... చీకట్లోంచి "ఊఁ" అంటుంది. కథ చెబుతుంటే పిల్లలు ఊఁకొట్టరూ, అలాగ. అంతకంటే ఏమీ చెయ్యదు.

ఓ రాత్రి తవిటమ్మ అనే ఆవిడ తోడికోడలితో ఆ దారిన వస్తూ అత్తగారి మీద పితూరీలు మొదలెట్టింది. చెప్పిన ప్రతి మాటకీ "ఊఁ" వినపడుతోంది. ఉత్సాహం వచ్చి ఇంకా చెప్పింది. తీరా వెనక్కి తిరిగి చూస్తే — తోడికోడలు వీధి మధ్యలో కూలబడి కాలిలో ముల్లు తీసుకుంటోంది. తవిటమ్మ మూడు రోజులు మంచం దిగలేదు. ఆ తర్వాత పితూరీలు మానేసిందనీ, ఆ ఇంటి వల్ల ఊరికి జరిగిన మేలు అదొక్కటేననీ జగన్నాధం మాస్టారు అంటారు.

ఈ కథ ఆయన చెప్పిందే. ఆయనా నేనూ చాలాకాలం ఒకే బళ్ళో పనిచేశాం. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. దెయ్యాల కథలు చెప్పేవాళ్ళ మీద అసలే లేదు; చెప్పినప్పుడల్లా దెయ్యం ఓ అడుగు పొడుగు పెరుగుతుంది. కానీ మాస్టారు ఈ కథ బళ్ళో మా అందరికీ నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ ఒక్క మాట పెరగలేదు, ఒక్క మాట తగ్గలేదు. నన్ను ఇబ్బంది పెట్టేది అదే.

ఆ ఇల్లు కూర్మమ్మది. మొగుడు పోయాక రాట్నం మీద నూలు వడికి ఒక్కగానొక్క కొడుకును చదివించింది. వాడి పేరు చినబాబు. ఆ వీధిలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. విజయనగరంలో బి.ఏ., అందులోనూ ఫిలాసఫీ. "ఏటి సదువుతున్నాడే నీ కొడుకు?" అని ఎవరైనా అడిగితే, "మనం ఉన్నావో లేవో తేల్సే సదువంట" అనేదట కూర్మమ్మ, గర్వంగా.

ఆఖరి ఏడాది పరీక్షలు పది రోజులున్నాయనగా చినబాబుకు విషజ్వరం తగిలింది. పరీక్ష మొదలయ్యే రోజుకు వాడు లేడు. పక్క వీధిలో ఉండే కూర్మమ్మ చెల్లెలు అసిరమ్మ వచ్చి ఆమెను తనింటికి తీసుకుపోయింది. ఈ ఇంటికి తాళం పడింది.

నెల తిరక్కుండా "ఊఁ" మొదలైంది. పరీక్ష రాయకుండా పోయాడు కనక చినబాబు పాఠాల కోసం తిరుగుతున్నాడని ఊరు తేల్చేసింది.

జగన్నాధం మాస్టారు అదే కాలేజీలో, అదే ఫిలాసఫీలో, చినబాబు కంటే ఓ ఏడాది వెనక. ఆ సెక్షన్లో పదకొండు మందే ఉంటారనీ, బెంచీకి ఒక్కడు హాయిగా కూర్చోవచ్చనీ చేరారట. హాయి మార్చి దాకా సాగింది. అరవై ఎనిమిది మార్చిలో పరీక్ష తప్పారు.

వాళ్ళ నాన్నగారికి బజారులో కిరాణా కొట్టు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "సెప్టెంబరొక్కటే నీకు. అదీ తప్పేవంటే మరి మాటల్లేవు. నా పక్కన కూకో, తక్కిడి పట్టుకో" అన్నారు. జగన్నాధానికి మాస్టరు అవ్వాలని చిన్నప్పట్నుంచీ కోరిక. ఆ చింతపండు వాసనలో జన్మంతా కూర్చోవాలంటే గుండె జారిపోయిందట.

పగలంతా కొట్టు. రాత్రి తొమ్మిదికి ఇంట్లో దీపం ఆర్పేస్తారు. గొంతెత్తి, అటూ ఇటూ నడుస్తూ చదవందే ఈయనకు బుర్రకెక్కదు. దీపం ఉండి మనుషులు లేని చోటు ఊళ్ళో ఒక్కటే — ఊఁకొట్టే ఇంటి ఎదుట పంచాయతీ దీపం.

"భయం వెయ్యలేదా?" అని అడిగాను.

"దెయ్యం కంటే నాన్న దగ్గరగా ఉన్నాడు నాకప్పుడు" అన్నారు.

మొదటి రాత్రి ఇంగ్లీషులో రాసుకున్న ఫిలాసఫీ నోట్సు పట్టుకుని అరగంట నడిచారు. ఏమీ లేదు. కప్పలు, ఎక్కడో ఓ కుక్క. ధైర్యం వచ్చింది. ఒక పేరా ఎంతకీ నోటికి రాకపోతే విసుగొచ్చి నోట్సు అరుగు మీద పడేసి, ఇంతకీ ఇదేం చెబుతోందని తనలో తనే తెలుగులో అనుకున్నారు, పైకే —

"చీకట్లో తాడును చూసి పామనుకుంటాం. దీపం తెస్తే పాము పోతుంది. పాము పోవడమేమిటి... అసలు రాలేదు కదా..."

"ఊఁ."

మూసిన కిటికీ లోంచి. మెల్లగా. పని చేసుకుంటూ వినేవాళ్ళు అన్నట్టు.

చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తారు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకున్నాక గుర్తొచ్చింది — నోట్సు కూడా ఆ అరుగు మీదే ఉండిపోయింది. రెండేళ్ళ నోట్సు. మరో ప్రతి లేదు. ఆ రాత్రంతా పెద్ద గాలి.

మర్నాడంతా కొట్టు వదలడానికి వీల్లేకపోయింది. రాత్రి గుండె చిక్కబట్టుకుని వెళ్ళారు. నోట్సు అరుగు మీదే ఉంది. ఒక్క కాగితం చెదరలేదు. పైన ఓ రాయి పెట్టి ఉంది.

ఆ రాయి తను పెట్టలేదు.

తీసుకుని వచ్చేసేవారేమో. కానీ పరీక్షకు ఇంకా నలభై రోజులే ఉన్నాయి. పైగా, ఎగిరిపోకుండా రాయి పెట్టిన దెయ్యం మరీ చెడ్డదై ఉండదనిపించిందట. దూరంగా దీపస్తంభాన్ని ఆనుకుని నిలబడి మొదలెట్టారు. ఇంగ్లీషులో ఓ పేజీ చదివారు. లోపల్నుంచి ఏమీ లేదు. దాన్నే తెలుగులో, ఉన్నదున్నట్టు చెప్పారు.

"ఊఁ."

అప్పుడు అర్థమైంది. బట్టీ పెట్టినదానికి ఆ ఇల్లు పలకదు. తెలిసి చెప్పినదానికే పలుకుతుంది.

ఇంకో రాత్రి తర్కం పాఠం. "కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది" అన్నారు. ఊఁ. "అలాగే, నిప్పుంది కాబట్టి పొగ ఉంది" అన్నారు, అదే ఊపులో. నిశ్శబ్దం. మళ్ళీ అన్నారు. నిశ్శబ్దమే... దీపం కింద నిలబడి చాలాసేపు ఆలోచించారట. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుము గుర్తొచ్చింది. అందులో నిప్పుంది. పొగేదీ? "పొగ ఉన్నచోట నిప్పుంటుంది గానీ, నిప్పున్నచోటల్లా పొగ ఉండక్కర్లేదు" అన్నారు గట్టిగా.

"ఊఁ."

రెండేళ్ళు లెక్చరర్లు చెప్పినా ఎక్కనిది ఆ రాత్రి ఎక్కిందని మాస్టారు అంటారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో కనపడేది భయం కాదు, ఇష్టం.

ఇంట్లో వాళ్ళ అమ్మ పార్వతీదేవి గారు ఈయన మెడలో తాయెత్తు కట్టారు. తాయెత్తు చొక్కా లోపలికి తోసేసి రోజూ వెళ్ళారు. రానురాను దీపస్తంభం వదిలి అరుగు దగ్గరకొచ్చారు. తర్వాత అరుగు మీదే కూర్చున్నారు, కిటికీకి వీపు ఆనించి.

ఆఖరి రాత్రి వచ్చింది. తెల్లారితే విజయనగరం రైలు. ఒక్క పాఠం మిగిలింది — ఆత్మ.

"దేహం కాలిపోయాక మిగిలేది ఏమీ లేదని చార్వాకులు అంటారు" అని మొదలెట్టారు.

నిశ్శబ్దం.

తప్పేమీ లేదే అనుకుని మళ్ళీ చెప్పారు. నిశ్శబ్దం. మూడోసారీ అంతే. కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. గొంతు తగ్గించి రెండో పక్షం ఎత్తుకున్నారు —

"కాదు... మిగులుతుంది అని మరి కొందరు. తీరని పని ఏదైనా ఉంటే..."

"ఊఁ."

ఈసారి కిటికీ లోంచి కాదు. చెవి పక్కన. అరుగు మీద, తన పక్కన కూర్చున్నవాళ్ళు అన్నట్టు.

తల తిప్పలేదు. తిప్పలేకపోయారు. పాఠం ఆపితే ఏమవుతుందోనని ఆపకుండా చెప్పుకుపోయారు. ప్రతి మాటకీ పక్కనుంచి ఊఁ... ఊఁ... ఆఖరి మాట అయిపోయాక ఓ నిట్టూర్పు వినపడింది. ఆ తర్వాత కప్పలు మళ్ళీ మొదలెట్టాయి.

పరీక్ష రాశారు. విజయనగరంలోనే చుట్టాలింట్లో ఉండిపోయారు. నవంబరులో ఫలితాలొచ్చాయి. పాసు. అందులోనూ ఫిలాసఫీలో మంచి మార్కులు.

పొందూరులో బండి దిగింది రాత్రి. సంచీ భుజాన వేసుకుని ఇంటికి కూడా పోకుండా నేరుగా సాలెవీధికి వెళ్ళారు. ముందు ఆ ఇంటికి చెప్పాలనిపించింది. అరుగు ముందు నిలబడి, చేతులు జోడించి, "పాసయ్యాను" అన్నారు.

ఊఁ లేదు.

కాసేపటికి కిటికీ వెనక ఏదో కదిలింది. ఆడమనిషి గొంతు. ముసలిది. గుసగుసగా —

"సినబాబూ... వచ్చినావా నాయనా?"

మాస్టారు "ఎవరు?" అనబోయారు.

"తలుపు తియ్యను. బయపడకు. తీస్తే నువ్వు ఉండవని నాకు తెలుసు" అంది లోపలి గొంతు. "సెల్లి పడుకున్నాక పెరటి దారిన వచ్చేస్తన్నాను రోజూ. దీపం ఎట్టను. ఈ కిటికీ కాడే కూకుంటాను. మునుపు నువ్వు సెప్తావుంటే నాను వడుకుతూ ఊఁకొట్టేదాన్ని కాదేటి? నువ్వు పోయినా ఊరుకోలేక ఊరికినే కొట్టుకునేదాన్ని. ఎవులు మాటాడినా నువ్వేననుకుని... ఆకరికి నువ్వే వచ్చినావు."

దెయ్యం లేదు. కూర్మమ్మ. చదువు రాని కూర్మమ్మ, కొడుకు చెప్పగా చెప్పగా విని ఆ పాఠాలన్నీ ఎరిగిన కూర్మమ్మ. మాస్టారికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన ఆమెను దెయ్యమనుకున్నారు. ఆమె ఈయన్ని దెయ్యమనుకుంది. తేడా ఏమిటంటే, ఆమె భయపడలేదు.

"గొంతు మారిపోనాది నీకు" అంది ఆమె. "సచ్చిపోనోళ్ళ గొంతు మారదా ఏటి అనుకున్నాను. నీ కాయితాలు గాలికి ఎగిరిపోతాయని రాయి ఎట్టినాను, సూసినావా?"

"చూశానమ్మా."

"పరీచ్చ రాసీసినావా?"

కాదు, నేను జగన్నాధాన్ని, కోమటింటి కుర్రాణ్ణి — ఆ మాట నాలుక చివరి దాకా వచ్చిందట. అది అంటే చినబాబు ఆమెకు రెండోసారి పోతాడు. అనకపోతే అబద్ధం. రెండేళ్ళు చదివిన శాస్త్రంలో ఆ క్షణానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ దొరకలేదంటారు మాస్టారు.

"రాశానమ్మా. పాసయ్యాను."

లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు. ఏడుస్తోందని తెలుస్తోంది.

"అయితే ఇంక ఎల్లిపో నాయనా" అంది చివరికి. "నీ పని అయిపోనాది. నానూ ఇంక రాను. సల్లగా ఎల్లు."

మాస్టారు సంచీ సర్దుకుని, కళ్ళు తుడుచుకుని, నాలుగడుగులు వేశారు. వెనకనుంచి మళ్ళీ ఆ గొంతు —

"సినబాబూ..."

ఆగారు.

"నువ్వు పరీచ్చకెల్లే ముందు ఆకరి రేత్రి నాకు జొరం. సెల్లి తలుపుకి బయట గెడెట్టీసినాది. రాలేకపోనాను. నానక్కడ లేను కదా..."

కప్పలు ఆగిపోయాయి.

"మరి ఆ పాఠానికి ఎవులు ఊఁకొట్టినారు నాయనా, నీకు?"

మాస్టారు అక్కడితో ఆపేస్తారు. నాలుగుసార్లూ అక్కడే ఆపారు. వింటున్న మాలో ఎవరమూ ఊఁ అనలేదు.