తెంపకూడని పతంగి

సాయంత్రం, హుస్సేనీ ఆలంలో బీరయ్య చాయ్ హోటల్. మూల బల్ల దగ్గర నిఖిలేష్ తల వాల్చి కూర్చున్నాడు. చేతిలోని ఆట మెషిన్ ఇంకా వెలుగుతూనే ఉంది. తెర మీద అతని ఎర్ర పతంగి తెగిపోయి, ఊగుతూ ఊగుతూ కిందికి జారుతోంది.

"ఏంది భాయ్, ఓడిపోయినవని ఏడుస్తున్నవా?" పక్క బల్ల ఆటగాడు నవ్వుతూ భుజం తట్టాడు.

నిఖిలేష్ పక్కకు ఒరిగిపోయాడు. పెదవులు నీలంగా మారాయి. సగం తాగిన చాయ్ కప్పు దొర్లి నేల మీద పడింది.

చనిపోయినవాడు ఉత్త ఆటగాడు కాదు. కేంద్ర రహస్య విభాగం ఏజెంట్.

మర్నాడు బోనాల పండుగ. పొద్దున్నే ఒక స్టీలు సామాన్ల దుకాణం వెనక గదిలో చీఫ్ వామన్‌రావు ఎదుట ఏజెంట్ నళిని కూర్చుంది. వయసు నలభై ఆరు. నూలు చీర, భుజాన జిప్పు సంచి. సంచిలో టిఫిన్ డబ్బా, తలనొప్పి గోళీలు, గొడుగు, పిస్టల్. ఆఫీసులో ఆమె కోడ్ నేమ్ 'ఫికర్', అంటే దిగులు. ఏ మిషన్ ఇచ్చినా అందులో జరగగల ఘోరాలన్నీ ముందే ఊహించి వణికేది. వాటిలో సగం నిజంగానే జరిగేవి. అందుకే ఇంకా బతికి ఉంది.

వామన్‌రావు బల్ల మీద అరచేతంత మెషిన్ పెట్టారు. దాని పేరు జుగ్నూ. పాతబస్తీలో ఏ హోటల్లో చూసినా, ఏ బస్టాప్‌లో చూసినా ఎవరో ఒకరు దాని మీద వంగి పతంగుల ఆట ఆడుతుంటారు. ఇంటర్నెట్ అక్కర్లేదు. ఇద్దరు దగ్గర దగ్గరగా ఉంటే చాలు, ఒకరి పతంగిని ఒకరు తెంపుకోవచ్చు. ఆడకపోయినా, రెండు జుగ్నూలు ఒకదాన్నొకటి దాటితే 'టింగ్' మంటూ ఒకదాని బొమ్మ ఇంకోదాంట్లో కనబడుతుంది. దాన్నే ఆటగాళ్లు సలాం అంటారు.

"విదేశీ ముఠా ఎక్కడో ఎక్స్‌ప్లోజివ్ పెట్టేసింది," అన్నారు వామన్‌రావు. "దానికి ఒక జుగ్నూ కలిపి ఉంది. నల్ల పతంగి పట్టుకున్న బొమ్మ నుంచి దానికి సలాం అందితే కౌంట్‌డౌన్ స్టార్ట్. సలాం ఇచ్చినోళ్లు సందు దాటేంత టైమ్ ఉంటది. తర్వాత బ్లాస్ట్."

"ఫోన్‌తోని పేల్చొచ్చు గద సార్?"

"ఊరేగింపు రూట్ల మొబైల్ నెట్‌వర్క్ ఆపేస్తున్నం. వాళ్లకు తెలుసు."

"టైమర్?"

"బోనాల ఊరేగింపు ఏ టైముకు ఎక్కడుంటదో నువ్వు చెప్పగలవా?"

ఎవరూ చెప్పలేరు.

"నిఖిలేష్ ఆఖరి మెసేజ్ ఒక్కటే లైను. 'ఆటలో ఉన్న మెషిన్ సలాం తీసుకోదు.' అంతే. అదెందుకు చెప్పిండో అడిగేలోపు పోయిండు." వామన్‌రావు గోడ మీది మ్యాప్ వైపు వేలు చూపించారు. "మన సోర్స్ హరిచందన పక్కాగా చెప్పింది. టార్గెట్ చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద. టీమంతా అటే. నువ్వు గూడ."

హరిచందన ముఠాలో ఉంటూనే వామన్‌రావుకు కబుర్లు అందిస్తున్న మనిషి. పట్టు కుర్తా, చెవులకు పెద్ద జుంకాలు. ఆమె హోటల్లోకి వస్తే ఆటగాళ్లు గాల్లో ఉన్న తమ పతంగులను మరిచిపోయేవాళ్లు. ఇక నళిని వేషం నళినే. బస్టాపుల్లో, హోటల్లో కూర్చుని జుగ్నూ ఆడే ఒక ఆంటీ. ఆట సరిగా రాదు. ఎప్పుడూ ఓడిపోయేది.

"సార్, ఛత్రినాకల మనోళ్లు ఎవరన్న ఉంటరా?"

"ఎందుకు?"

"నా బిడ్డ మేధ ఆడ ఉంటది. పక్కింటి లక్ష్మీకాంతమ్మ బోనానికి తోడుగ నీళ్ల చెంబు పట్టుకొని నడుస్తది."

"నళినీ. ఫికర్ అనేది నీ కోడ్ నేమ్. డ్యూటీ కాదు."

బయటికి రాగానే నళిని ఇంటికి ఫోన్ చేసింది. తల్లి ఏదో ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లర్క్ అనుకుంటుంది మేధ.

"అమ్మా, నువ్వు చెప్పకముందే నేనే చెప్తున్న. ఉరకను. ఎండల నిలవడను. తెలవనోళ్లు ఇచ్చింది తినను. ఇంకేమన్న మిగిలిందా?"

"బోనం మీద దీపం ఉంటది బిడ్డా, చున్నీ జర..."

"పెట్టెయ్ అమ్మా ఫోన్!"

మేధ నడక నేర్చిన రోజు నుంచి ఇరవై ఏళ్లు వచ్చేదాకా నళిని ఆ పిల్లకు చెప్పిన మాటల్లో సగం ఒకే మాట. 'ఉరకకు, పడ్తవ్.'

ఆటో చాంద్రాయణగుట్ట వైపు బయలుదేరింది. హుస్సేనీ ఆలం దగ్గరికి వచ్చేసరికి నళినికి ప్రాణం ఊరుకోలేదు. నిఖిలేష్ కూర్చున్న బల్లను ఒక్కసారి చూడాలి. ఆటో ఆపించి దిగింది.

బీరయ్య ఆ బల్లనే తుడుస్తున్నాడు. ఎంతసేపటి నుంచి తుడుస్తున్నాడో.

"పోలీసోళ్లు అన్ని అడిగిన్రక్కా. చాయ్‌ల విషమంట, కప్పు గూడ పట్కపోయిన్రు."

"చాయ్ పైసలు నిఖిలేష్ ఇచ్చిండా?"

"లేదక్కా. కౌంటర్ కాడ ముందే ముట్టినయ్. ఎవలు పెట్టిన్రో గుంపుల చూడలె."

నళిని చేయి బల్ల అంచును పట్టుకుంది. ఈ హోటల్లో ఆటగాళ్లకు ఒక రివాజు ఉంది. గెలిచినవాళ్లే ఓడినవాళ్లకు చాయ్ తాపాలి. తెగిన పతంగికి ఓదార్పు అది. నళిని ఇన్ని నెలలుగా తాగినవన్నీ అలాంటి చాయ్‌లే. నిఖిలేష్ పైసలు ఇవ్వలేదంటే ఓడిపోయాడు. ఈ బల్ల దగ్గర నిఖిలేష్‌ను ఓడించగలిగింది ఒక్కతే.

హరిచందన. నిన్న సాయంత్రమంతా చాంద్రాయణగుట్టలో నిఘా వేశానని రిపోర్ట్ ఇచ్చిన హరిచందన.

అయితే ఫ్లైఓవర్ మాట అబద్ధం. టీమంతా అటు పోవాలనే ఆ అబద్ధం. మరి బాంబు ఎక్కడ? నళినికి గుర్తొచ్చింది. పోయిన వారం ఇదే బల్ల దగ్గర హరిచందన తియ్యగా అడిగింది. 'ఛత్రినాకల ఊరేగింపు ఏడ ఎక్కువసేపు ఆగుతది ఆంటీ?'

'చలివేంద్రం కాడ, బిడ్డా. అందరు ఆడ నీళ్లు తాగుతరు.' నళినే చెప్పింది.

వామన్‌రావుకు ఫోన్ కలిపింది. నెట్‌వర్క్ లేదు. మళ్లీ కలిపింది. లేదు. రోడ్డు మీదికి ఉరికి ఆటోవాడి భుజం పట్టుకుంది.

"ఛత్రినాక పోనియ్ అన్నా. దేవుడా, జల్ది పోనియ్!"

ఛత్రినాకలో ఇసక వేస్తే రాలనంత జనం. డప్పుల మోతకు గుండె అదురుతోంది. చలివేంద్రం దగ్గర నీళ్ల డ్రమ్ములు, స్టీలు గ్లాసులు. డ్రమ్ముల కింద చెక్క బల్లలు, వాటి చుట్టూ పసుపు గుడ్డ. ఆ గుడ్డ వెనక ఏముందో ఎవరూ చూడరు. చేయి పెట్టి లాగుదామంటే ఏ తీగ కదిలితే ఏమవుతుందో తెలియదు. బాంబు అని అరిస్తే ఈ ఇరుకు గల్లీలో తొక్కిసలాటలోనే సగం మంది పోతారు. అందులో మేధ ఉంటుంది. మొదట మేధే పడిపోతుంది. నళినికి అది కళ్ల ముందు కనబడింది కూడా.

నళిని తన జుగ్నూ తెరిచింది. టింగ్. టింగ్. గుంపులోని ఆటగాళ్ల బొమ్మలు ఒకటొకటిగా సలాం కొట్టాయి. వాటి కింద ఒక బొమ్మకు పేరు లేదు. బాంబు మెషిన్ అదే కావాలి. దాని పక్కన ఆకుపచ్చ గుర్తు: 'ఎవరొచ్చినా ఆడతా.' అది వెలిగితే ఎవరు పిలిచినా ఆట దానంతటదే మొదలవుతుంది.

బీరయ్య హోటల్లో ప్రతివాళ్ల మెషిన్‌లోనూ ఆ గుర్తు వెలుగుతూ ఉంటుంది. ఆటకు పిలిస్తే రానంటే ఆ బల్లకు అవమానం. బాంబుకు మెషిన్ తగిలించిన హరిచందన కూడా ఆ బల్ల దగ్గరి మనిషే. అలవాటు చొప్పున ఆ గుర్తు వెలిగించి వదిలేసింది.

నళిని నొక్కింది. ఆట మొదలైంది.

ఎదుట ఒక తెల్ల పతంగి లేచింది. దాన్ని ఎగరేసేవాళ్లు లేరు. అలాగే గాల్లో వేలాడుతోంది. నిఖిలేష్ ఆఖరి మాటకు అర్థం ఇదే. ఆటలో ఉన్న మెషిన్ సలాం తీసుకోదు. ఈ ఆట నడిచినంతసేపూ బాంబుకు సలాం అందదు. ఆట అయిపోతే అందుతుంది.

గాలి తగ్గింది. తెల్ల పతంగి కిందికి దిగసాగింది. నేలకు తగిలితే ఆట ముగిసినట్టే. నళిని తన పతంగి మాంజా దారాన్ని దాని కిందికి పోనిచ్చి మెల్లగా పైకి లేపింది. నడక నేర్చే పిల్లకు చంకల కింద చేతులు పెట్టినట్టు.

"ఆంటీ! మీరు గిక్కడ గూడనా?" బట్టల దుకాణం శ్రవణ్‌కుమార్. హోటల్లో రోజూ ఆమెను ఓడించే ఆటగాడు. తెరలోకి తొంగి చూశాడు. "అరే, ఆ పతంగిని ఎవ్వలు ఆడిస్తలేరు! ఒక్క గుంజు గుంజితే తెగుతది. తెంపుండ్రి ఆంటీ, జిందగీల ఒక్కసారన్న గెలుస్తరు!"

"తెంపితే ఆట అయిపోతది."

"అయిపోవాలె గద!"

"అయిపోవద్దు. శ్రవణ్, నా మొకం చూడు. ఆడుకుంటున్నట్టు కనవడ్తున్ననా?"

శ్రవణ్ చూశాడు. నవ్వు ఆగిపోయింది.

"గల్లీ మొదట్ల నిలవడ్డ ఎస్సై కాడికి పో. 'ఫికర్, చలివేంద్రం' అని వైర్‌లెస్‌ల పంపమను. అంతే చెప్పు. లొల్లి చేయకు, నీకు దండం పెడ్త."

తెర మూలన బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటోంది. శ్రవణ్ జేబులోంచి పవర్ బ్యాంక్ తీసి ఆమె జుగ్నూకు తగిలించి గుంపులోకి దూరాడు.

డప్పులు దగ్గరయ్యాయి. పోతరాజు కొరడా ఝళిపిస్తూ దాటిపోయాడు. వెనక బోనాలు. అన్నిటికన్నా ముందు ఆకుపచ్చ పట్టుచీర, పసుపు రాసిన ముఖం, రెండు చేతులా బోనం కుండ పట్టుకుని హరిచందన. కుండలోని అన్నం అడుగున ఆమె జుగ్నూ, చెవి జుంకాలో చిన్న స్పీకర్. ఆమె వెనకే లక్ష్మీకాంతమ్మ. ఆ పక్కన నీళ్ల చెంబుతో మేధ.

చలివేంద్రం ముందు హరిచందన అడుగు నెమ్మదించింది. జుంకాలో టింగ్ మోగలేదు. కళ్లు చుట్టూ వెతికి నళిని దగ్గర ఆగాయి. ఆమె చేతిలోని తెర దగ్గర ఆగాయి.

"పండుగ పూట గూడ ఆటేనా ఆంటీ?"

"ఒక్క ఆటనే బిడ్డా."

కుండ వదిలితే పగులుతుంది. ముందుకు పోతే సలాం అందనంత దూరమవుతుంది. వెనకనుంచి జనం తోస్తున్నారు. ఆట ముగిసేదాకా ఇక్కడే నిలబడటానికి ఒకటే దారి ఉంది. హరిచందన కళ్లు పైకి తిప్పి, ఒళ్లంతా ఊగడం మొదలుపెట్టింది.

"అమ్మ వచ్చింది! జరగుండ్రి, అమ్మ వచ్చింది!" ఆడవాళ్లు చుట్టూ మూగారు. వేపమండలు, పసుపు నీళ్లు వచ్చాయి. "బోనం పడొద్దు, పట్టుకోండ్రి!" లక్ష్మీకాంతమ్మ కేక వేసింది.

చెంబు కింద పెట్టి, ఆ బోనాన్ని అందుకుని తలకెత్తుకుంది మేధ.

నళినికి లోకమంతా ఆగిపోయింది. హరిచందన చేతుల్లో ఆ కుండ తప్ప ఇంకేమీ లేదు, ఆమె జుగ్నూ అందులోనే ఉండాలి. కుండ మేధ తల మీద. బాంబు మేధ కాళ్ల పక్కన. బొటనవేలు కొయ్యబారిపోతోంది. తెల్ల పతంగి మాంజా మీంచి జారుతోంది.

"మేధా!"

"అమ్మా? నువ్వేంది గిక్కడ?" మేధ ముఖం సిగ్గుతో ఎర్రబడింది. "నలుగుట్ల ఆ గేమేంది అమ్మా?"

"ఆ బోనం పట్టుకొని ఉరుకు!"

"ఏందీ?"

"ఎనకకు ఉరుకు, ఇంటి దిక్కు! యాడ ఆగకు, ఉరుకు బిడ్డా!"

తల్లి భయాల్ని మేధ ఎప్పుడూ నమ్మలేదు. వెయ్యి భయాలు విని నవ్వి వదిలేసింది. కానీ పుట్టి ఇన్నేళ్లలో తల్లి నోట ఉరుకు అనే మాట వినలేదు. అది విన్నాక ఇంకేమీ అడగలేదు. బోనాన్ని రెండు చేతులా పట్టుకుని, జనాన్ని చీల్చుకుంటూ ఉరికింది.

"నా బోనం!" హరిచందన ఊగడం మరిచి ముందుకు దూకింది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఆపారు. లక్ష్మీకాంతమ్మ కళ్లు చిన్నవి చేసి చూసింది. "అమ్మ మీదికొచ్చినప్పుడు నా బోనం, నీ బోనం అంటదానే? ఏందే నీ నాటకం?" హరిచందన రెండు రెక్కలూ అప్పటికే బలమైన చేతుల్లో ఉన్నాయి. మళ్లీ ఊగి చూసింది. ఎవరూ వదల్లేదు.

తెర మీద గాలి ఆగిపోయింది. తెల్ల పతంగి మాంజా మీంచి జారి నేలను తాకింది.

'మీరు గెలిచారు!'

బాంబు మెషిన్ ఇప్పుడు ఖాళీ. సలాం కోసం చూస్తోంది. నళిని తలెత్తింది. గల్లీ మలుపులో బోనం మీది వేపాకులు ఒక్కసారి ఊగి, మాయమయ్యాయి.

టింగ్!

నళిని కళ్లు మూసుకుంది. మేధా, అనుకుంది.

ఏమీ కాలేదు. కళ్లు తెరిచింది. మోగింది ఆమె జుగ్నూయే. తెర మీద నవ్వుతూ చెయ్యూపుతున్నది శ్రవణ్ బొమ్మ. ఎస్సైని వెంటబెట్టుకుని శ్రవణ్ ఆయాసపడుతూ వస్తున్నాడు.

నీళ్లు అయిపోయాయని చెప్పి చలివేంద్రం ముందు జనాన్ని జరిపించారు. బాంబ్ స్క్వాడ్ పసుపు గుడ్డ వెనక నుంచి ఆ పేరులేని జుగ్నూను, దాని తీగలను పెళుసు గాజును ఎత్తినట్టు ఎత్తింది. హరిచందనను ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు నడిపించుకుపోతున్నారు.

"ఎట్ల కనిపెట్టినవ్ ఆంటీ?" పసుపు నీళ్లు కారుతున్న ముఖంతో అడిగింది.

"నిఖిలేష్‌కు చాయ్ తాపినవ్ గద. రివాజు తప్పలేదు నువ్వు."

చాంద్రాయణగుట్ట నుంచి చెమటలు కక్కుకుంటూ వామన్‌రావు వచ్చారు. "ఇయ్యాల్టి సంది ఫికర్ నీ డ్యూటీ గూడ, నళినీ," అన్నారు.

గల్లీ మలుపు నుంచి మేధ కుంటుకుంటూ వచ్చింది. మోకాళ్లు రెండూ గీసుకుపోయాయి.

"బోనం ఇంటి గద్దె మీద దించినంక, వాపస్ వస్తుంటే పడ్డ," అంది ఏడుపు గొంతుతో. "నువ్వే గద అమ్మా ఉరకమన్నవ్!"

నళిని ఆ పిల్లను ఊపిరాడనంత గట్టిగా పట్టుకుంది. తర్వాత కొంగుతో మోకాలు తుడవడానికి వంగింది.

"పడ్తవని నీ చిన్నప్పటి సంది చెప్తనే ఉన్న," అంది. "ఎన్నడన్న ఇన్నవా?"